మ్యాచ్ తూటాలను లాట్ పరీక్షించి కొనే వీలు మన షూటర్లకు కల్పించాలి

సంపాదకులకు నమస్కారం.

రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటున్న పిల్లల గురించి ఇటీవల మీ క్రీడల పేజీలో వచ్చిన కథనం చదివి సంతోషించాను. క్రికెట్ కాని ఆటకు అంత చోటు ఇచ్చినందుకు ముందుగా కృతజ్ఞతలు. అయితే ఖరీదైన విదేశీ తూటాలు కొనగలిగిన వారికే ఈ ఆటలో పతకాలు దక్కుతాయన్న అభిప్రాయం ఆ కథనం వల్ల తల్లిదండ్రుల్లో మరింత బలపడే అవకాశం ఉంది. యాభై మీటర్ల రైఫిల్ విభాగంలో చాలాకాలం పోటీపడి, ఇప్పుడు పిల్లలకు శిక్షణ ఇస్తున్నవాడిగా దీనిపై నేను చెప్పదలచుకున్నది ఒకటుంది. మ్యాచ్ తూటాను, అంటే పోటీల కోసం చేసే తూటాను, పెట్టె మీది పేరు చూసో, ధర చూసో కొంటే డబ్బు వృథా అయ్యే అవకాశమే ఎక్కువ. అది ఏ లాట్‌లో, అంటే ఫ్యాక్టరీలో ఏ విడతలో, తయారైందో చూసి, ఆ లాట్‌ను మన రైఫిల్ బ్యారెల్‌లోనే పేల్చి పరీక్షించాకే కొనాలి. అలా పరీక్షించుకునే వసతి రెండు తెలుగు రాష్ట్రాల్లోని సాధారణ షూటర్‌కు అందుబాటులో లేదనే చెప్పాలి. ఈ ఉత్తరం అందుకోసమే.

షూటింగ్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది పది మీటర్ల ఎయిర్ రైఫిల్. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది అందులోనే. అదే ఒలింపిక్స్‌లో ఆయన 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని పేల్చేది), త్రీ పొజిషన్ (మూడు భంగిమల్లో పేల్చేది) విభాగాల్లో కూడా పోటీపడ్డారన్నది చాలామందికి గుర్తుండదు. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సిఫ్ట్ కౌర్ సమ్రా 469.6 స్కోరుతో ప్రపంచ రికార్డు నెలకొల్పి స్వర్ణం సాధించడం, మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 451.4 స్కోరుతో కాంస్యం అందుకోవడం చూశాక, 50 మీటర్ల త్రీ పొజిషన్ వైపు మన పిల్లలు కూడా మళ్లుతున్నారు. ఎయిర్ రైఫిల్ నుంచి ఇటు వచ్చేసరికి ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది. అక్కడ చిన్న సీసపు పెల్లెట్ సరిపోతుంది, ఇక్కడ పాయింట్ 22 (అంగుళంలో 0.22 వంతు మందం) లాంగ్ రైఫిల్ తూటా కావాలి. మోకాలి మీద (నీలింగ్), బోర్లా పడుకుని (ప్రోన్), నిలబడి (స్టాండింగ్) ఇరవై చొప్పున అరవై షాట్లు పోటీకి లెక్క, గురి సరిచూసుకునే సైటింగ్ షాట్లు దానికి అదనం. రోజువారీ సాధనకు పోయేవి పోటీలో పేల్చేవాటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి ఏ తూటా కొనాలన్న ప్రశ్న మధ్యతరగతి ఇంట్లో చాలా పెద్ద ప్రశ్న.

ముందుగా టార్గెట్ కొలతలు చూద్దాం. 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల వృత్తం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. తూటా మందం సుమారు 5.6 మిల్లీమీటర్లు. తూటా అంచు గీతను తాకినా పై పాయింటే ఇస్తారు కాబట్టి, దాని కేంద్రం 16 మిల్లీమీటర్ల వ్యాసం గల వృత్తంలో ఎక్కడ పడినా పది వస్తుంది. దశాంశాల్లో లెక్కించే పోటీల్లో మధ్య బిందువు నుంచి ప్రతి 0.8 మిల్లీమీటర్ల దూరానికి ఒక దశాంశం తగ్గుతూ పోతుంది. ఇప్పుడు షూటర్ ఊపిరినీ, చేతి వణుకునూ, గాలినీ పక్కన పెట్టి, రైఫిల్‌ను ఇనుప క్లాంప్‌లో బిగించి పేల్చామనుకుందాం. అప్పుడు కూడా తూటాలన్నీ ఒకే రంధ్రంలోంచి పోవు. ఒక లాట్ తనంతట తానే 14 మిల్లీమీటర్ల మేర చెదిరితే, షూటర్ పొరపాటుకు మిగిలే జాగా చుట్టూ ఒక్క మిల్లీమీటరే. 10 మిల్లీమీటర్లే చెదిరే లాట్ దొరికితే ఆ జాగా మూడు మిల్లీమీటర్లకు పెరుగుతుంది. మనిషి అదే, రైఫిల్ అదే, సాధన అదే అయినా ఒకరికి పది వచ్చే చోట మరొకరికి తొమ్మిది వస్తుంది. పిల్లవాడు తన గురిలో లోపం ఉందనుకుని, బాగా ఉన్న పొజిషన్‌ను మార్చుకుంటూ నెలల తరబడి తంటాలు పడడం ఈ కారణంగానే నేను చూస్తూ వచ్చాను.

ఒకే పేరుతో, ఒకే ధరకు దొరికే తూటాల మధ్య ఇంత తేడా ఎందుకు వస్తుందో తెలియాలంటే పాయింట్ 22 ఎలా తయారవుతుందో కొంచెం తెలుసుకోవాలి. దీని ఇత్తడి గొట్టానికి అడుగున చుట్టూ పలుచని అంచు ఉంటుంది. మండే రసాయనాన్ని తడిగా ఉన్నప్పుడే అందులో వేసి, వేగంగా తిప్పి, అంచు లోపలి సందులోకి అన్ని వైపులా చేరేలా చేస్తారు. ఫైరింగ్ పిన్ ఆ అంచు మీద ఒక్కచోటే కొడుతుంది. ఆ చోట రసాయనం కాస్త పలుచగా ఉంటే మంట అంటుకునే తీరు మారుతుంది, దానితో తూటా వేగం మారుతుంది. అంచు మందం, తూటాను గొట్టం పట్టుకునే బిగువు, పొడి తూకం, సీసానికి పూసిన మైనపు పొర వంటివన్నీ ఇందుకు తోడవుతాయి. పెద్ద తూటాల్లోలాగా ఇందులో ఖాళీ గొట్టాన్ని తిరిగి నింపుకుని లోపాలు సరిదిద్దుకునే వీలు లేదు. ఫ్యాక్టరీ ఏమిచ్చిందో అదే. ఒకే యంత్రం మీద, ఒకే పొడితో, ఒకే రసాయనంతో ఒక విడతగా తయారైన వాటికి ఒక నంబరు ఇస్తారు, అదే లాట్. తర్వాతి విడతకు వీటిలో ఏదో ఒకటి మారుతుంది, ఫలితమూ మారుతుంది.

వేగం గురించి ఒక మాట. మ్యాచ్ తూటా సెకనుకు సుమారు 325 నుంచి 330 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. ఇది ధ్వని వేగానికి తక్కువ, అలా ఉండేటట్టు కావాలనే చేస్తారు. వేగం ఎక్కువైతే గురి మెరుగవుతుందని కొత్తవారు అనుకుంటారు. కానీ సెకనుకు 380 మీటర్ల వేగంతో బయలుదేరే హై వెలాసిటీ రకాలు దారిలో ధ్వని వేగం కిందికి జారే సమయంలో కుదుపుకు లోనవుతాయి. అంతేకాదు, పక్కగాలికి అవి మ్యాచ్ తూటా కంటే ఎక్కువగా కొట్టుకుపోతాయి. వినడానికి విచిత్రంగా ఉన్నా ఇది నిజం, ఎందుకంటే గాలికి పక్కకు జరగడమన్నది తూటా ఎంతసేపు గాలిలో ఉందన్నదాని కంటే, గాలి అడ్డుకోవడం వల్ల అది ఎంత ఆలస్యమైందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి పోటీకి కావలసింది వేగం కాదు, ఒక తూటాకూ మరో తూటాకూ వేగంలో తేడా లేకపోవడం. 50 మీటర్ల దూరంలో తూటా భూమ్యాకర్షణ వల్ల సుమారు 12 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. వేగం సెకనుకు ఐదు మీటర్లు తగ్గితే అది మరో నాలుగు మిల్లీమీటర్లు కిందికి జారుతుంది, అంటే దశాంశ లెక్కలో దాదాపు అర పాయింటు పోయినట్టే. పేలే క్షణంలో బ్యారెల్ కొన కదిలే తీరు ఈ తేడాను కొంత సర్దవచ్చు, కొంత పెంచవచ్చు. ఒక లాట్ ఒక బ్యారెల్‌లో చక్కగా కుదిరి, పక్క రైఫిల్‌లో చెదిరిపోవడానికి ఇదీ ఒక కారణం.

ఇంగ్లండ్‌లోని ఎలీ, ఫిన్లండ్‌కు చెందిన లపువా, జర్మనీకి చెందిన ఆర్‌డబ్ల్యుఎస్ అన్నవి ఈ రంగంలో అందరికీ తెలిసిన పేర్లు. టెనెక్స్, మిడాస్ ప్లస్, ఎక్స్ యాక్ట్, ఆర్ 50 అన్నవి వాటిలో పై తరగతి రకాలు. వాటి నాణ్యతను నేను తక్కువ చేయడం లేదు. అంతర్జాతీయ పోటీల్లో ఎక్కువగా కనిపించేవి అవే. కానీ ఈ ఫ్యాక్టరీల్లో ఒకే వరుసలో తయారైన తూటాలను పరీక్షించి, వచ్చిన ఫలితాన్ని బట్టి పై రకంగా, మధ్య రకంగా వేరుచేసి అమ్మే పద్ధతి ఉంది. ఆ పరీక్ష వారి బ్యారెళ్లలో జరిగింది, మన పిల్లవాడి బ్యారెల్‌లో కాదు. వారి దగ్గర మధ్య తరగతిలో నిలిచిన లాట్ మన రైఫిల్‌లో మొదటి స్థానంలో నిలవవచ్చు. ఈ సంగతి ఆ కంపెనీలకే బాగా తెలుసు కాబట్టే షూటర్ తన రైఫిల్‌ను తీసుకుని వస్తే, దాన్ని క్లాంప్‌లో బిగించి, తమ దగ్గరున్న వేర్వేరు లాట్‌లను పేల్చి చూపించి, నచ్చిన లాట్‌ను అతని పేరున పక్కన పెట్టే పరీక్షా కేంద్రాలను వారే నడుపుతున్నారు. ఐరోపాలో, అమెరికాలో ఉన్న షూటర్‌కు అది మామూలు విషయం. సిద్దిపేట నుంచో, అనంతపురం నుంచో వచ్చిన పిల్లకు దాని గురించి తెలియను కూడా తెలియదు.

ఆ తేడా ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చెబుతాను. మా దగ్గర సాధన చేసే ఒక అమ్మాయి ప్రోన్‌లో ఎంత కుదురుగా పడుకున్నా, ప్రతి పది షాట్లలో రెండు మూడు తొమ్మిదిలోకి జారేవి. అవి కూడా నిలువు గీతలోనే, ఒకటి పైకి, ఒకటి కిందికి. పక్కలకు చెదిరితే గాలినో, ట్రిగ్గర్‌నో అనుమానించవచ్చు, నిలువుగా చెదిరితే మొదట తూటా వేగాన్ని అనుమానించాలి. ఆమె వాడుతున్నది పై తరగతి తూటాయే. అదే కంపెనీ మధ్య రకంలో రెండు లాట్‌లు, మరో కంపెనీ సాధన రకంలో ఒక లాట్ సంపాదించి, రైఫిల్‌ను బల్లకు బిగించిన పట్టులో పెట్టి కాగితపు టార్గెట్ల మీద పేల్చాం. లాట్ మార్చిన ప్రతిసారీ మొదటి పదిహేను ఇరవై షాట్లను లెక్కలోకి తీసుకోలేదు. ఎందుకంటే ఒక్కో కంపెనీ పూసే మైనం ఒక్కో రకం, పాత మైనం పోయి కొత్తది బ్యారెల్ లోపల పరుచుకునే దాకా గ్రూప్, అంటే టార్గెట్ మీద షాట్లు పడే గుంపు, కుదురుకోదు. తర్వాత ఒక్కో లాట్‌కు పదేసి షాట్ల గ్రూపులు నాలుగు చొప్పున తీసుకుని, నాలుగు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు అడ్డంగా పట్టి చూశాం. ఖరీదైన తూటా కాగితాల్లో రంధ్రాలు నిలువుగా సాగిన కోడిగుడ్డు ఆకారంలో ఉన్నాయి. మధ్య రకం లాట్‌లలో ఒకటి దానికంటే నయం కాదు. రెండోది మాత్రం నలభై షాట్లనూ గుండ్రంగా, ఒక్కటి కూడా పక్కకు పోకుండా మధ్యలో కూర్చింది. ఆ లాట్‌లో దొరికినన్ని పెట్టెలు తీసుకున్నాక ఆ అమ్మాయికి మొదట తగ్గింది తొమ్మిదుల సంఖ్య కంటే కూడా భయం. షాట్ జారితే అది తన వల్లే జారిందని తెలిసింది, దాన్ని సరిదిద్దుకునే దారీ తెలిసింది.

పరీక్షలో ఎక్కువమంది చేసే తప్పు ఐదు షాట్లు పేల్చి, అందులో అతి చిన్న గ్రూప్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకుని, ఆ తూటా మంచిదని తీర్మానించడం. ఐదు షాట్లు ఏ తూటాతోనైనా ఏదో ఒకసారి ఒకే రంధ్రంలో పడతాయి. షాట్ల సంఖ్య పెరిగే కొద్దీ గ్రూప్ పెరుగుతుంది, అప్పుడే లాట్ అసలు స్వభావం బయటపడుతుంది. పోటీలో అరవై షాట్లు పేల్చాలి కాబట్టి కనీసం నలభై షాట్ల కలిపిన చిత్రం చూడాలి. అందులో కూడా గ్రూప్ సగటు ఎంత చిన్నదన్నదాని కంటే, గుంపును వదిలి దూరంగా పడిన షాట్లు ఎన్నున్నాయన్నదాన్ని నేను ఎక్కువగా పట్టించుకుంటాను. తక్కిన తొమ్మిదీ అద్భుతంగా ఉండి, పదో షాట్ ఉన్నట్టుండి ఎనిమిదిలోకి పోయే లాట్ కంటే, అన్నీ కాస్త వెడల్పుగానే అయినా పదిలో నిలిచే లాట్ పోటీకి మేలు. పరీక్ష జరిగే రోజు గాలి లేకపోవాలి, లేదా నలువైపులా మూసిన రేంజ్ అయి ఉండాలి. బ్యారెల్‌ను శుభ్రం చేసిన వెంటనే ఒక లాట్‌నూ, వంద షాట్ల తర్వాత మరో లాట్‌నూ పేల్చి పోల్చడం న్యాయం కాదు. ఇవన్నీ చిన్న విషయాలే కానీ వీటిని పాటించకపోతే పరీక్ష చేసిన తూటాల ఖర్చు కూడా నష్టమే.

మన వాతావరణం గురించి విదేశీ కంపెనీల కాగితాల్లో ఉండదు. తెలంగాణ, రాయలసీమల్లో మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఎండలో, రేకుల కప్పు కింద పోటీ జరిగేటప్పుడు, చాప పక్కన తెరిచిన పెట్టెలో తూటాలు ఎండకు కాగుతూ ఉంటాయి. వేడెక్కిన పొడి తూటాకు ఎక్కువ వేగం ఇస్తుంది, మెత్తబడిన మైనం దుమ్మును పట్టుకుంటుంది. నీడలో ఉన్న మొదటి పెట్టెకూ ఎండ తగిలిన రెండో పెట్టెకూ మధ్య గ్రూప్ జాగా మారితే షూటర్ సైట్ (రైఫిల్ మీద గురి చూసే పరికరం) తిప్పుకుంటూ కూర్చుంటాడు. తూటాల పెట్టెను మూతపెట్టి, తెల్లటి తువ్వాలు కప్పి నీడలో ఉంచుకోవాలి. షాట్ తయారుగా లేకపోతే తూటాను వేడి ఛాంబర్‌లో (బ్యారెల్ వెనుక తూటా కూర్చునే చోట) నిమిషాల తరబడి వదిలేయకూడదు. సీసపు మొన చాలా మెత్తన. తూటాలను జేబులో విడిగా పోసుకోవడం, ఒకదాని మీద ఒకటి రాలేలా డబ్బాలో కుమ్మరించడం పనికిరాదు. చలికాలంలో ఢిల్లీలో పోటీకి వెళ్లేవారు మే నెలలో హైదరాబాద్‌లో చేసిన పరీక్షను పూర్తిగా నమ్ముకోకుండా, వీలైతే చల్లటి ఉదయం వేళ మరోసారి చూసుకోవడం మంచిది.

ఈ మధ్య వెయ్యి గజాల షూటింగ్ వీడియోలు చూసి పిల్లలు అడిగే ప్రశ్నలు కూడా పెరిగాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలో దీన్ని అభిరుచిగా చేపట్టినవారు ఉన్నారు, వారి నుంచి కూడా మాకు ఇలాంటి ప్రశ్నలే వస్తాయి. అక్కడి తూటా ఎంపిక సూత్రం ఇదే అయినా, కొలతలు వేరు. వెయ్యి గజాలంటే 914 మీటర్లు. పాయింట్ 308 వించెస్టర్ తూటా అంత దూరం చేరేసరికి పది మీటర్లకు పైగా కిందికి దిగుతుంది. వేగంలో సెకనుకు పది మీటర్ల తేడా వస్తే టార్గెట్ మీద పాతిక సెంటీమీటర్లకు తగ్గకుండా ఎత్తు మారుతుంది. అమెరికాలో ఎఫ్ క్లాస్ (రైఫిల్‌ను ఆధారం మీద ఉంచి దూరాలకు పేల్చే) పోటీకి వాడే వెయ్యి గజాల టార్గెట్‌లో పది పాయింట్ల వృత్తం వ్యాసమే పది అంగుళాలు, అంటే సుమారు 25 సెంటీమీటర్లు. వంద గజాల్లో చిన్న గ్రూప్ చూసి తూటా కొనేసినవారు అక్కడ బోల్తా పడేది ఇందుకే. వంద గజాల్లో వేగం తేడా కనిపించనే కనిపించదు.

దూరాన్ని బట్టి ఎంపిక మారాలనడానికి అందరికీ తెలిసిన ఉదాహరణ సియెర్రా కంపెనీ మ్యాచ్‌కింగ్ బుల్లెట్లది (బుల్లెట్ అంటే తూటాలో ఎగిరిపోయే మొన భాగం). 168 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్‌ను 300 మీటర్ల పోటీల కోసం రూపొందించారు, ఆ దూరంలో దాని పేరు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కానీ వెయ్యి గజాలు చేరకముందే పాయింట్ 308 నుంచి వెళ్లే ఆ బుల్లెట్ ధ్వని వేగం దగ్గరికి జారుతుంది, దాని తోక భాగం సన్నబడే కోణం ఎక్కువగా ఉండడంతో అక్కడ అది ఊగడం మొదలుపెడుతుంది. 175 గ్రెయిన్ల బుల్లెట్ తోకను తక్కువ కోణంలో చేశారు, బరువు కూడా ఎక్కువ కాబట్టి అది వెయ్యి గజాల దాకా కుదురుగా పోతుంది. ఫెడరల్ కంపెనీ గోల్డ్ మెడల్ మ్యాచ్ పేరుతో రెండు రకాలనూ అమ్ముతుంది. పెట్టెలు చూడడానికి ఒకేలా ఉంటాయి, రెండూ మ్యాచ్ తరగతివే, అయినా ఒకటి పనికొచ్చే దూరంలో మరొకటి తడబడుతుంది. దూరం ఎంతో చెప్పకుండా ఏ తూటా మంచిదని అడగడంలో అర్థం లేదని నేను పిల్లలకు చెప్పేది అందుకే. ఇంకో సంగతి, అక్కడ చాలామంది షూటర్లు తమ బ్యారెల్‌కు తగినట్టు పొడిని తూచి, గొట్టాలను తామే నింపుకుంటారు. మన చట్టం ప్రకారం తూటాల తయారీకి ప్రత్యేక లైసెన్సు కావాలి కాబట్టి, ఆ వీడియోల్లో చూసిన పనులను ఇక్కడ ఇంట్లో ప్రయత్నించాలన్న ఆలోచన కూడా రానివ్వకూడదు.

తూటా ఎంపికలో డబ్బు పాత్రను తగ్గించే మరో దారి ఇంగ్లండ్‌లోని బిస్లీలో ఉంది. అక్కడ జరిగే ఇంపీరియల్ మీటింగ్ టార్గెట్ రైఫిల్ పోటీల్లో నిర్వాహకులు ఒకే రకం తూటాలను అందరికీ పంచే సంప్రదాయం చాలాకాలంగా ఉంది. ఎవరు ఎంత సంపన్నులైనా ఆ రోజు చేతికిచ్చిన తూటాతోనే 900, 1000 గజాల్లో గాలిని చదివి గెలవాలి. జిల్లా స్థాయిలో, పాఠశాల స్థాయిలో పాయింట్ 22 పోటీలు పెట్టేవారు దీన్ని ఆలోచించవచ్చు. ఎన్‌సీసీలో పాయింట్ 22 రైఫిల్ పట్టుకుని మొదటిసారి గురి చూసిన పిల్లలు మన దగ్గర ఎందరో ఉన్నారు. వారు ఆటలోకి రాబోయేటప్పుడు తూటా ధర తలుపు దగ్గరే ఆపేయకూడదు.

ఇక మన దగ్గర ఉన్న చిక్కు ఏమిటంటే, తూటా అన్నది దుకాణానికి వెళ్లి నాలుగు రకాలు తెచ్చుకుని పోల్చుకునే వస్తువు కాదు. 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నియమావళి ప్రకారం లైసెన్సు ఉండాలి, ఏడాదికి ఎన్ని కొనవచ్చో పరిమితి ఉంటుంది, దిగుమతికి అనుమతులు కావాలి. ఈ కట్టుబాట్లు అవసరమైనవే, వాటిని సడలించమని నేను అడగడం లేదు. అయితే దిగుమతి ఎక్కువగా సంఘాల ద్వారా, పెద్ద మొత్తంలో జరుగుతున్నప్పుడు, వచ్చిన సరుకు ఏ లాట్‌దో, ఎవరికి ఏ లాట్ వెళ్తోందో చూసే బాధ్యత కూడా వాటి మీదే ఉంటుంది. ఒక పోటీకి ముందు మా పిల్లల్లో ఒకడికి ఒకే కట్టలో మూడు లాట్‌ల పెట్టెలు కలిపి ఇచ్చారు. నీలింగ్‌లో బాగా పేల్చి, ప్రోన్‌లో కొత్త పెట్టె తెరవగానే గ్రూప్ మొత్తం కిందికి దిగింది. కారణం తెలియక ఆ అబ్బాయి సైట్‌ను పైకి, కిందికి తిప్పుతూ ఆ పొజిషన్ సగం పోగొట్టుకున్నాడు. పెట్టెల చివర అతికించిన నంబర్లను నేను చూసేసరికి పోటీ అయిపోయింది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. లాట్ నంబరును ఎవరూ ఒక సమాచారంగా భావించలేదు, అంతే.

అందుకని రెండు రాష్ట్రాల రైఫిల్ సంఘాలకు, క్రీడా ప్రాధికార సంస్థలకు మీ పత్రిక ద్వారా విన్నవిస్తున్నాను. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని షూటింగ్ రేంజ్ వంటి చోట ఒక యాభై మీటర్ల లేన్‌ను మూసిన గొట్టంలా కట్టి, అందులో రైఫిల్‌ను బిగించే మంచి క్లాంప్, వేగం కొలిచే యంత్రం, ఎలక్ట్రానిక్ టార్గెట్ ఒకటి పెడితే, అది రాష్ట్రం మొత్తానికి సరిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ, విశాఖపట్నం పరిసరాల్లో ఒకటి ఉంటే ఆ ప్రాంతం పిల్లలు ఇంత దూరం రానక్కరలేదు. ఖర్చు ఒక్కసారే. పెద్ద మొత్తంలో ఆర్డరు పెట్టే ముందు నాలుగైదు లాట్‌ల నుంచి నమూనాలు తెప్పించి, ఎంపికైన షూటర్ల రైఫిళ్లలో పరీక్షించి, ఆ ఫలితాన్ని బట్టి లాట్‌ను రిజర్వు చేయించాలి. అప్పటిదాకా చేయగలిగిన చిన్న పని ఒకటుంది. సరుకు పంచేటప్పుడు ఒక షూటర్‌కు ఒకే లాట్ ఇవ్వాలి, ఏ లాట్ ఇచ్చారో రశీదు మీద రాయాలి. దీనికి రూపాయి ఖర్చు లేదు. ఆ నంబర్ల పక్కన ఎవరి రైఫిల్‌లో ఎలా పేలిందో షూటర్లే రాసి ఇస్తే, కొన్నేళ్లలో మన దగ్గరే పనికొచ్చే పట్టిక తయారవుతుంది. ఒక బ్యారెల్‌కు పడని లాట్ మరో బ్యారెల్‌కు పడుతుంది కాబట్టి, నియమాలకు లోబడి క్లబ్బు పర్యవేక్షణలోనే వాటిని సర్దుబాటు చేయవచ్చు కూడా.

తల్లిదండ్రులకు ఒక మాట చెప్పాలి. పిల్ల లేదా పిల్లవాడు కొత్తగా పాయింట్ 22కు మారినప్పుడు, మొదటి ఏడాది పై తరగతి తూటా అవసరం లేదు. నిలకడగా పేలే సాధన రకం ఒకటి చాలు, స్టాండింగ్ పొజిషన్‌లో ఆ దశలో వచ్చే చెదురు తూటా వల్ల వచ్చేది కాదు. ప్రోన్‌లో గ్రూప్ కుదిరి, ఇంకా చెదురుతున్నది తన వల్లా తూటా వల్లా అని అడిగే స్థాయికి వచ్చినప్పుడు పరీక్ష మీద డబ్బు పెట్టండి. పాత రైఫిల్ కొంటున్నవారు అమ్మేవారిని అది ఏ లాట్‌తో బాగా పేలిందో అడిగి రాసుకోండి. కొన్ని కంపెనీలు లాట్ నంబరుతో పాటు సగటు వేగాన్ని కూడా పెట్టె మీద అచ్చు వేస్తాయి కాబట్టి, ఆ లాట్ అయిపోయాక దానికి దగ్గరి వేగం ఉన్న లాట్‌లతో వెతుకులాట మొదలుపెట్టవచ్చు, కానీ పరీక్షించకుండా పెట్టెలకు పెట్టెలు కొనవద్దు. ఎయిర్ రైఫిల్ పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. పెల్లెట్ డబ్బా మీద 4.49, 4.50 అని ఉండేది తల భాగం కొలత, ఏది తమ బ్యారెల్‌కు సరిపోతుందో పేల్చి చూసుకోవాలి. అది తక్కువ ఖర్చుతో అయ్యే పరీక్ష, అలవాటు అక్కడి నుంచే మొదలైతే మంచిది.

లాట్ పరీక్ష వసతి గురించి సంఘాల బాధ్యులు తమ ఆలోచనను ఇదే శీర్షికలో తెలియజేస్తే చాలామంది షూటర్లకు, వారి తల్లిదండ్రులకు ఉపయోగపడుతుంది. వారు ముందుకొస్తే క్లాంప్ అమరికలోనూ, పరీక్షలు జరిపించడంలోనూ నాలాంటి పాత షూటర్లం ఏ ప్రతిఫలం లేకుండా పని చేయడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక రైఫిల్ షూటింగ్ శిక్షకుడు,
సికింద్రాబాద్